మాట కానిది

గని కంట్రోల్ రూమ్‌లో కొత్త డిజిటల్ రేడియో బిగించి ఇంజనీరు మురిసిపోయింది. "రొద ఏమైనా వినిపిస్తోందా అక్కా? ఇది మాటను అంకెలు చేసి మోసుకొచ్చి, ఇక్కడ మళ్ళీ మాట చేస్తుంది. మాట కానిదాన్ని గోల కింద జమకట్టి తీసిపారేస్తుంది."

"బతికించావు తల్లీ. పాతదాని గరగరకు చెవులు చిల్లులు పడేవి," అంది ఆపరేటరు.

అంతలో పంపుగది పేరు పక్కన పచ్చ లైటు వెలిగింది. కింద పంపుగదిలో ఎవరో మాట్లాడే మీట నొక్కి పట్టుకున్నారు. సిగ్నల్ నిండుగా ఉంది. చప్పుడు మాత్రం లేదు.

"మాట్లాడరేంటి?" అంది ఇంజనీరు.

ఆపరేటరు స్పీకరుకు చెవి ఆనించింది. "అక్కడ మా ఆయన ఉన్నాడు. గొంతు ఆపరేషన్లో మాట పోయింది. మైకు మీద గోటితో కొడతాడు. ఒక దెబ్బయితే క్షేమం. మూడయితే నీళ్ళు ముంచుకొస్తున్నట్టు."

"మీట వదలమని చెప్పండక్కా. గోటి దెబ్బలు ఇందులో వినపడవు, మీటనే అన్నిసార్లు నొక్కమని అడిగి లైటు లెక్కపెడదాం."

"నొక్కి ఉన్నంతసేపు మన మాట ఆయనకు వినపడదుగా."

మనుషులు కిందికి పరుగెత్తారు. దారి చాలా ఉంది.

లైటు ఎప్పుడు ఆరుతుందా, ఎప్పుడు అడుగుదామా అని ఇంజనీరు చూస్తోంది. ఎక్కడ ఆరిపోతుందోనని ఆవిడ చూస్తోంది.