చివరి కుర్చీ

నోటీసు బోర్డు చదవగానే టైపిస్టుకి ప్రాణం లేచొచ్చింది. ఈసారి క్విజ్‌లో ఎవరి మార్కులు వాళ్లకేనట!

ఇన్నేళ్లూ ఆఫీసు జట్టంటే ఆమె, క్యాషియరూ. జవాబు చెప్పే హక్కు మాత్రం కెప్టెన్ క్యాషియరుదే. ఆమె అతని ఎడమ పక్కన కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టి చెవిలో ఊదేది. అతను తల ఊపి, అదే జవాబు మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. పైగా క్విజ్ మాస్టర్ పక్కనుండే చివరి కుర్చీయే కావాలని పట్టుబట్టేవాడు, ఫొటోలో నిండుగా పడాలని కాబోలు.

"కనీసం థాంక్స్ అయినా చెప్పరా?" అని ఒకసారి పక్కనుంచి అడిగేసింది. మహానుభావుడు తల కూడా తిప్పలేదు.

పోయినేడాది ఉత్తమ ఆటగాడంటూ అతని ఫొటో పేపర్లో వచ్చింది. అత్తగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ వెతికింది.

"నీ మోచెయ్యి పడిందే అమ్మాయ్!"

ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు ఇద్దరికీ చెరో బజర్. ఒప్పు చెబితే చెప్పినవాళ్లకు పది మార్కులు, తప్పయితే పది కోత. ఎక్కువ వచ్చిన ఒక్కరే పై పోటీలకు వెళ్తారు. ముందు తప్పులు ఊది అతన్ని ముంచాలి. నలుగురిలో పరువు పోయాక తను బజర్ అందుకోవాలి. ఇన్నాళ్ల కక్షా తీరిపోవాలి.

"ప్రపంచంలో అతి లోతైన సరస్సు?"

"విక్టోరియా" అని ఊదింది. అతను తల ఊపి బజర్ నొక్కాడు.

"బైకాల్!"

చప్పట్లు.

"సూర్యుడికి అతి దగ్గరి గ్రహం?"

"శుక్రుడు" అంది, నమ్మకం కుదిరేలా ఒత్తి పలుకుతూ. మళ్లీ అదే తల ఊపు.

"బుధుడు!"

కనిపెట్టేశాడు దొంగ! ఆమెకు పంతం ఇంకా పెరిగింది. వరసగా తప్పులు ఊదుతూనే పోయింది, అతను వరసగా ఒప్పులు చెబుతూనే పోయాడు. ఆ కసిలో తన బజర్ మీద చెయ్యే వెయ్యలేదు.

అతను ప్రథముడు. ఆమెకు సున్నా.

మెట్ల దగ్గర ఎదురెళ్లి నిలదీసింది.

"ఏం అన్నయ్యగారూ, నేను చెప్పేవన్నీ తప్పులని ఎలా కనిపెట్టారు?"

క్యాషియరు తెల్లమొహం వేశాడు.

"నువ్వు చెప్పావా? ఎప్పుడు?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆఫీసులో ఎవరికీ చెప్పకు చెల్లెమ్మా, నాకు ఎడమ చెవి పుట్టుకతోనే వినపడదు."