పదిహేడో టేకు

“ఇంకోసారి,” అన్నాడు అద్దం అవతలి గదిలోంచి మా ఆయన.

కొత్తగా పెళ్ళయిన జంట, ఎందుకు చేసుకున్నామా అని తలలు పట్టుకుని నవ్వించే సినిమా అది. హీరోయిన్‌కి గొంతు నాది, రికార్డింగ్ మా ఆయనది. మా పెళ్ళయి రెండు నెలలు.

తెర మీద హీరోయిన్ పెదవులు కదలగానే పదహారోసారి చెప్పాను. “నిన్ను చేసుకున్నందుకు నాకేం బాధ లేదు.”

“ఊహూఁ. మాట లోపల్నుంచి రావట్లేదు. ఇంకోసారి.”

ఒళ్ళు మండిపోయింది. పొద్దున తడి తువ్వాలు మంచం మీద పడేశాడని మొదలైన గొడవ, “నిన్ను చేసుకోవడం నా బుద్ధితక్కువ” దాకా వెళ్ళింది. ఆ మాట అన్నది నేనే. బస్సులో చెరో సీట్లో కూర్చుని వచ్చాం. ఇప్పుడా కక్షంతా మైకు ముందు నిలబెట్టి తీర్చుకుంటున్నాడు.

“గొంతు ఎండిపోతోంది. ఏం తక్కువైందో చెప్పి ఏడువు!”

“ఏం తక్కువ కాలేదు. ఇంకొక్కసారి అను.”

పదిహేడోసారి అదే మాట అంటూ, విసుగుతో తెర మీంచి చూపు తిప్పేశాను. తలుపు పైన, రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ వెలగాల్సిన ఎర్రలైటు వెలగడం లేదు.

హెడ్‌ఫోన్లు విసిరేసి అతని గదిలోకి వెళ్ళాను. “ఆ లైటు ఎప్పుడు ఆరింది?”

అతను ముందున్న మీటలేవో సవరించాడు.

“సినిమాకి మూడో టేకే సరిపోయింది,” అన్నాడు.