ఆ ఫైలు ఎవరిది?

“చూసినవా సుజనా? ఒక్క పేషెంటు రిపోర్టును పొద్దున్నుంచి ఏడుగురు తెరిచి చూసిన్రు. గిందుకే వద్దన్న!” ఆనందరావు గొంతు వరండా దాకా వినిపించింది.

పత్తర్‌గట్టి వెనక గల్లీలోని ఆ చిన్న ఆసుపత్రి ఆయనదే. కంప్యూటర్ రికార్డులు చూసేది సుజన. ప్రతి రిపోర్టుకూ నర్సులు తన దగ్గరికి పరుగెత్తుకు రావడం, అంతదాకా పేషెంట్లు మంచంలో మూలగడం చూడలేక, వార్డు వాళ్లే నేరుగా చూసుకునేలా ఆయనతో పోట్లాడి ఏర్పాటు చేయించింది. ఎవరు ఏ ఫైలు తెరిచినా తెలిసిపోయేలా కాపలా కూడా పెట్టింది.

“ఆ పేషెంటు మాఫ్ చేస్తే సరే. లేకుంటే సాయంత్రానికి అంతా బంద్,” అని ఆయన వెళ్లిపోయాడు.

తెరపై ఫైలు తెరిచిన ఏడుగురి పేర్లూ ఉన్నాయి; పేషెంటుది మాత్రం పేరు లేదు, నంబరే ఉంది. సుజన ఫైలు తెరవలేదు. తెరిస్తే తను ఎనిమిదో దొంగ అవుతుంది. విసవిసా వార్డుకు నడిచింది. ఆమెను చూడగానే అక్కడి గుసగుసలు ఆగిపోయాయి.

“రాజమణక్కా, ఆ పేషెంటు మీ వార్డుల ఉన్నదా?”

“లేదు బిడ్డా,” అంది హెడ్ నర్సు.

“మరెందుకు చూసినవ్? డానియేలన్నా, టెస్టు చేసుడు నీ పని. ఊరంతా చెప్పుడు గూడ నీ పనేనా?”

ల్యాబ్ డానియేలు తల గోక్కున్నాడు. “ఆగలేకపోయిన చెల్లె.”

“మిమ్మల్ని నమ్మి సార్‌తోని లొల్లి పెట్టుకున్న. ఒకరి ఒంట్ల ఏమున్నదో మీకెందుకు? తెలిస్తే ఆ మనిషికి ఎంత బాధయితది?”

“ఆమెకు ఇంకా తెల్వదు,” ఎవరో గొణిగారు.

సుజనకు కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “పేషెంటుకే తెల్వదా! నడువుండ్రి. ఆమె ముంగట నిలబడి మాఫీ అడగాలె. ఎక్కడున్నదామె?”

ఎవరూ కదల్లేదు. రాజమణి మాత్రం దగ్గరికొచ్చి సుజన చెంపలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది.

“ఆమె ముంగటనే నిలబడ్డం బిడ్డా, మాఫ్ చెయ్యి. నీరసమని పొద్దుగాల టెస్టుకు రక్తమిచ్చి పోయినవు కదా, నువ్వు తల్లివి కాబోతున్నవ్.”