బతికున్నట్టు రుజువు

"నువ్వు చచ్చిపోయావు," అంది మిసెస్ ప్రూయిట్, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

కౌంటరు ఇవతల నిలబడ్డ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. చేతిలో రెండు వందల డాలర్లు. అవి డిపాజిట్టుగా ఉంచుకుని, అంతే పరిమితితో మొదటి క్రెడిట్ కార్డు ఇస్తారని ఈరీ ఊళ్ళో కుర్రకారంతా సహకార బ్యాంకులాంటి ఈ క్రెడిట్ యూనియన్‌కే వస్తారు. నెలనెలా కాస్త పెట్రోలు కొట్టించుకుని, బిల్లు రాగానే కట్టేస్తే ఆరు నెలల్లో అప్పు సరిగ్గా తీరుస్తారని చెప్పే క్రెడిట్ స్కోరు పుడుతుంది. స్కోరు లేనిదే ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. అందాకా ఆమెకు అమ్మ ఇంట్లో సోఫాయే గతి. ఆ అమ్మ ముఖం చూస్తూ ఇంకో ఏడాది ఉండటం ఆమె వల్ల కాదు.

"ఎవరు చచ్చిపోయారు?"

"బ్రెన్నా కోవాచ్. పోయినేడు మార్చిలో. ఇదిగో, ఇక్కడ రాసుంది. చచ్చినవాళ్ళకి మేం కార్డులివ్వం."

వరుసలో వెనకున్నాయన కిసుక్కున నవ్వాడు.

"మరి మీతో మాట్లాడుతున్నదెవరు, దయ్యమా?"

"అదే నేనూ అడుగుతున్నా."

అమ్మాయి డ్రైవింగ్ లైసెన్సు, పుట్టిన సర్టిఫికెట్టు తీసి కౌంటరు మీద టపామని పెట్టింది. మిసెస్ ప్రూయిట్ ఫోటోనీ, ముఖాన్నీ మూడుసార్లు మార్చి మార్చి చూసింది. అవే కళ్ళు, అదే గడ్డం మీది సొట్ట. వంక దొరకలేదు. దాంతో ఆవిడకు ఇంకా మండింది.

"ఇంత వయసొచ్చినా నీ పేరు మీద ఒక్క కార్డు, ఒక్క బిల్లు లేదేం? ఇంత ఖాళీ ఫైలు నా సర్వీసులో చూళ్ళేదు."

"లేకపోతే అదీ తప్పేనా? మా అక్క పేరు మీద బోలెడున్నాయి లెండి. దానికి తొమ్మిదేళ్ళప్పుడే అమ్మ దాని సోషల్ సెక్యూరిటీ నంబరు పెట్టి కరెంటు, కేబులు, రెండు కార్డులు తీసుకుంది. ఒక్కటీ కట్టలేదు. ఇక ఈ జన్మలో దానికెవడూ కార్డివ్వడు. ఈ పేరైనా శుభ్రంగా ఉంది కదా అని వస్తే, మీరు పాడె కడుతున్నారు."

"నోరు తగ్గించు. నిన్ను చచ్చినట్టు రాసిన సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకెళ్ళి బతికున్నట్టు కాగితం తెచ్చుకో. అప్పుడు చూద్దాం."

వెళ్ళింది. నాలుగు గంటలు కూర్చుంది. మనిషిని చంపాలంటే ప్రభుత్వానికి ఒక్క మీట చాలు. బతికించాలంటే మాత్రం మూడు వారాలూ, ఐదు సంతకాలూ కావాలి. చివరికి, ఈమె సజీవంగా ఉంది, పొరపాటుకు చింతిస్తున్నాం అని ఉత్తరం వచ్చింది.

మిసెస్ ప్రూయిట్ ఆ ఉత్తరాన్ని దీపానికెత్తి చూసింది.

"ఇలాంటివి ఇంట్లో కూర్చుని ఎన్నయినా అచ్చేసుకోవచ్చు."

"నేను చస్తేగానీ మీకు నిద్ర పట్టదా?" అమ్మాయి కౌంటరు మీద గుద్దింది. హాల్లో అందరూ ఇటు తిరిగారు.

మేనేజరు డగ్ లోపల్నించి పరుగెత్తుకొచ్చాడు. "గొడవెందుకు? వాళ్ళమ్మకే ఫోన్ చెయ్యండి," అన్నాడు.

ఆ మాట వినగానే అమ్మాయి కౌంటరు మీది కాగితాలు గబగబా ఏరుకోబోయింది. మిసెస్ ప్రూయిట్ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి మరీ అడిగింది.

"మీ కూతురు బతికే ఉందా అండీ?"

అవతల తల్లి ఏడుపందుకుంది.

"పొద్దున నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగెళ్ళింది. నా కూతురు బతికే ఉంది. ఇంకోసారి ఈ మాట అడిగారంటే బాగోదు."

ఫోను పెట్టేసింది.

"కన్నతల్లిని అడిగే మాటేనా అది?" డగ్ కళ్ళెర్రజేశాడు. "ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పండి."

మిసెస్ ప్రూయిట్ మూతి బిగించింది. విషం మింగినట్టు చెప్పింది. "క్షమించు, బ్రెన్నా."

అమ్మాయి కాగితాలు ముందుకు లాక్కుంది. సంతకంలో మొదటి అక్షరం తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. పాపం అవమానం, అనుకుని డగ్ మంచినీళ్ళు తెప్పించాడు. ఆమె తాగలేదు. రెండు వందలూ కౌంటరు మీద పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కార్డు చేతికొచ్చిన శనివారం, దాంతో మొట్టమొదట పసుపు గులాబీలు కొని, ఊరి చివర శ్మశానంలో 'బ్రెన్నా కోవాచ్' అని చెక్కిన రాయి దాకా నడిచి, వాటిని తన కవల చెల్లెలికి ఇచ్చి వచ్చింది.