బాయిలర్ వెనక తాత

"రొట్టె కావాలంటే ఏమనాలి చిట్టీ?" రిమ్మా రష్యన్‌లో అడిగింది.

ఏడేళ్ల తాయా కిటికీలోంచి సరస్సు వంక చూస్తూ కూర్చుంది. నోరు తెరవలేదు.

అనెట్ గుండె ఇంకో మెట్టు కిందికి జారింది. రష్యాలోని అనాథాశ్రమం నుంచి తాయాను దత్తత తెచ్చుకుని, అమెరికాలో డులూత్ ఊళ్లోని ఈ ఇంటికి చేర్చి ఏడాది కూడా కాలేదు. వచ్చిన కొత్తలో పిల్ల నిద్రలో కూడా రష్యన్‌లోనే పలవరించేది. ఇప్పుడు ఇంగ్లిష్ గలగలా మాట్లాడుతోంది. రష్యన్ మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు పోయింది.

"పిల్లని పుట్టిన గడ్డకి దూరం చెయ్యకండి" అని దత్తత ఇప్పించినావిడ చేతులు పట్టుకుని మరీ చెప్పింది. అలాగేనని అనెట్ మాటిచ్చింది. ఆ మాట కోసం చెయ్యనిది లేదు. గోడకి రష్యా పటం. పళ్లెంలో బీట్‌రూట్ సూపు. వీధి చివరి రష్యన్ ముసలమ్మ రిమ్మా ల్వోవ్నా చేత శనివారం పాఠాలు. ఎన్ని చేసినా పిల్ల మొహం పాలిపోవడమే తప్ప మాట పెగల్లేదు.

"ఉండు, ఒక్క పరీక్ష చేస్తా" అంది రిమ్మా. రష్యన్‌లోకి మారి తాపీగా, "చిట్టీ, నీ భుజం మీద సాలీడు పాకుతోంది" అంది.

తాయా కదల్లేదు. పక్కకైనా చూడలేదు. చేతిలోని చెంచా మాత్రం కప్పు అంచుకి టకటకా కొట్టుకుంది.

రిమ్మా నిట్టూర్చింది. "పోయిందమ్మాయ్. సాలీడన్న మాట వింటే మా ఆయన, యుద్ధం చూసొచ్చిన మగాడు, బల్ల మీదికెక్కి కూర్చునేవాడు. ఈ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు. ఒక్క ముక్క మిగల్లేదు."

"నా ఇంట్లో, నా కళ్లముందే పోయింది" అంది అనెట్. "పెద్దయ్యాక నా భాషేదమ్మా అని అడిగితే ఏం చెప్పను?"

భర్త క్రెయిగ్ నవ్వించబోయాడు. "ఈ ఊరి చలికి మాటలు గడ్డకట్టేస్తాయి, అంతే. మా తాత జనవరిలో మంచు మీద చేపలు పడుతూ మా మామ్మని తిట్టిన తిట్లు, ఏప్రిల్‌లో కరిగి, చర్చిలో ప్రార్థన మధ్య వినపడ్డాయట. పాదిరిగారు కూడా 'ఆమెన్' అనేశారు. ఎండలు రానీ, దీని మాటలూ కరుగుతాయి."

ఎండలొచ్చాయి. మాటలు కరగలేదు.

ఒక్కటే ఊరట. రష్యావాళ్ల ఇళ్లలో పొయ్యి వెనక ఇంటి తాత ఒకడుంటాడు. కనపడడు. గిన్నెలో పాలు పెడితే ఇల్లు కాచుకుంటాడు. రిమ్మా చెప్పగా అనెట్ ఆ ఆచారమూ మొదలుపెట్టింది. ఈ ఇంట్లో పొయ్యి గోడకి అంటుకుని ఉంది కాబట్టి, తాతకి నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ వెనక చోటిచ్చారు. పాలు తీసుకెళ్లే పని తాయాది. ఆ పనికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కతే వెళ్లేది. పైకి రావడానికి చాలాసేపు పట్టేది.

జూన్‌లో అడవిలో ఒక శిబిరం ఉందని తెలిసింది. రష్యా నుంచి దత్తత వచ్చిన పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ వారం రోజులు కలిసుంటారట. అనెట్ ప్రాణం లేచొచ్చింది. పిల్లని ఆశ్చర్యపరుద్దామని ఎక్కడికో చెప్పలేదు.

"అక్కడ నీలాంటి పిల్లలు బోలెడంతమంది ఉంటారు. పొద్దస్తమానం రష్యనే" అని మాత్రం ఊరించింది.

బయల్దేరే ఉదయం అమ్మానాన్నల సంచులు ముందే కారెక్కాయి. గుమ్మంలో కొత్త ఎర్ర పెట్టె మిగిలింది.

"ఇందులో నా బట్టలేనా?" తాయా అడిగింది.

"అన్నీ నీవే బంగారం. చూడు, నీ పేరు కూడా రాయించాను."

సాగనంపడానికి వచ్చిన రిమ్మా అందరినీ ఆపింది. "అలా పరిగెడితే ఎలా? ప్రయాణానికి ముందు ఓ నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలి. మావాళ్లు ఊరు వదిలిపెట్టేటప్పుడు ఇది తప్పరు."

కూర్చున్నారు. గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది. నిమిషమయ్యాక క్రెయిగ్ కారు తియ్యడానికి వెళ్లాడు. అనెట్ పెట్టె అందుకుని వెనక్కి తిరిగింది.

తాయా స్టూలు ఖాళీగా ఉంది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల గట్టు. గట్టు కింద సరస్సు. జూన్‌లో కూడా కాలు పెడితే కొయ్యబారే నీళ్లు.

అనెట్ చెప్పుల్లేకుండా గట్టు దిగింది. పేరు పెట్టి అరిచింది. ఒడ్డున అడుగుల గుర్తులేమో అనుకున్నవి కొంగలవి. నీళ్లమీద ఏదో ఎర్రగా తేలితే పైప్రాణాలు పైనే పోయాయి. అది ఎవరిదో పాత బంతి. క్రెయిగ్ మోకాలిలోతు నీళ్లలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఈసారి అతనికి హాస్యం తోచలేదు.

"ఇటు రండి" గట్టు మీంచి రిమ్మా పిలిచింది. "బల్ల మీద పాలజగ్గు లేదు."

ముగ్గురూ నేలమాళిగ మెట్లు దిగారు. బాయిలర్ వెనక, చీకట్లో, చిన్న గొంతు గుసగుసలాడుతోంది. తడబాటు లేదు. ఆగడం లేదు. వాగులా పారుతోంది.

అనెట్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. రిమ్మా మాత్రం మెట్టు మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోంది?" అనెట్ ఆమె భుజం కుదిపింది. "రిమ్మాగారూ, ఎవరితో, ఏమంటోంది?"

"'తాతా, నాకు మన భాష వచ్చని వీళ్లకి చెప్పకు, తెలిస్తే నన్ను వెనక్కి పంపేస్తారు' అంటోందమ్మా."