ఎవరి తాలూకు?

“ఇవాళ కూడా ఆయన నోరు విప్పకపోతే ఫైలు మూసేస్తారట, మిస్ వెర్నెల్,” అంది రెనెల్. అది కోపమో ఏడుపో ఆమెకే తెలియడం లేదు.

డెట్రాయిట్‌లోని ఆ చిన్న క్లినిక్‌లో రెనెల్ కొత్త థెరపిస్టు. మనసు బరువెక్కిన వాళ్ళతో మాట్లాడి తేలిక చేయడం ఆమె పని. ఆ పని ఎలా చేస్తోందో చూసి, తప్పులుంటే దిద్ది, ధైర్యం చెప్పే పెద్దదిక్కు మిస్ వెర్నెల్. ఇద్దరూ నల్లవాళ్ళే. ఆ క్లినిక్ మెట్లెక్కేవాళ్ళూ దాదాపు అందరూ నల్లవాళ్ళే. రూల్సు మాత్రం ఎక్కడో తెల్లవాళ్ళు రాసినవి.

“ముందు ఏమన్నా తిన్నావా?”

“లేదు.”

మిస్ వెర్నెల్ కార్న్‌బ్రెడ్, అదే మొక్కజొన్న రొట్టె, ముక్క ఒకటి ఆమె ముందుకు తోసింది. “తింటూ చెప్పు. ఖాళీ కడుపు ఏడుపులు నేను వినను.”

“మిస్టర్ మేబ్రీ అని ఒక పెద్దాయన. కొడుకు పోయి ఎనిమిది నెలలైంది. ఐదు వారాలుగా వస్తున్నాడు. ఎలా ఉన్నారంటే దేవుడి దయ అంటాడు. కొడుకు మాటెత్తితే పెరట్లో ఆకుకూర ఎంత ఏపుగా వచ్చిందో చెబుతాడు. గంటసేపూ ఇదే భాగోతం. ఆరోసారికి కూడా మార్పు లేకపోతే ఇంక రానక్కర్లేదని ఉత్తరం పంపేస్తారు. కడుపుకోతతో వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపేస్తానా నేను?”

“ఆయన నిన్నేమీ అడగడా?”

“ఎందుకడగడూ! వచ్చిన ప్రతిసారీ ఒకటే గోల. నువ్వు ఎవరి తాలూకు, మీ వాళ్ళది ఏ ఊరు అని. మాట్లాడుకోవాల్సింది మీ గురించి కదండీ అని దాటేస్తున్నాను. సొంత సంగతులు చెప్పకూడదని కాలేజీలో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారుగా.”

“ఐదుసార్లూ దాటేశావా?”

“ఐదుసార్లూ.”

“మీ అమ్మమ్మ ఉండుంటే చెవి మెలిపెట్టేది.”

రెనెల్‌కు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది.

“అది ఆరా తీయడం కాదే, పిచ్చిమొహమా. కూర్చోబోయే ముందు కుర్చీ గట్టిదో కాదో చూసుకోవడం. తెల్ల డాక్టర్ల చేతుల్లో మనవాళ్ళు పడ్డ పాట్లు తక్కువా? ఇవాళ చెప్పు. కొంచెమే చెప్పు, కానీ నిజం చెప్పు.”

“పైవాళ్ళు తప్పని రాస్తే?”

“ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంటుంది. ఎవరొస్తారో రానీ, నేను మాట్లాడతా. నువ్వు కార్న్‌బ్రెడ్ పూర్తి చెయ్.”

మూడింటికి మిస్టర్ మేబ్రీ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఇవాళ ఆయన ఆ ప్రశ్న అడగనే లేదు. అడిగి అడిగి విసిగినట్టున్నాడు. రెనెల్ ఇక తనే మొదలుపెట్టింది.

“మిస్టర్ మేబ్రీ, మీరు అడిగినదానికి ఇన్నాళ్ళూ జవాబు చెప్పలేదు. నాదే తప్పు. మా వాళ్ళది అలబామాలో యూటా అనే ఊరు. మా అమ్మమ్మ బెర్నిస్ టాలివర్ అక్కణ్నుంచే వచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో వంట చేసింది. ఇక్కడే లిన్‌వుడ్‌లో ఒక చిన్న బాప్టిస్టు చర్చిలో పాడేది.”

“బాగా పాడేదా?”

“ఘోరంగా పాడేది. ఎవరూ ఆపలేకపోయారు.”

పెద్దాయన పకపకా నవ్వాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి.

“ఉందా ఆవిడ?”

“లేదండీ. రెండేళ్ళయింది. ఇప్పటికీ శుక్రవారం ఆవిడలా ఎవరైనా చేపలు వేయిస్తున్న వాసనొస్తే ఆ వీధిలో నిలబడలేను.”

ఆయన మెల్లగా లేచి తలుపు వైపు నడిచాడు. ఎక్కువ చెప్పేశానా అని రెనెల్ బెదిరిపోయింది. అంతా చేతులారా పాడుచేసుకున్నాననిపించింది.

“మిస్టర్ మేబ్రీ, ఇంకా నలభై నిమిషాలు ఉందండీ. కూర్చోండి, దయచేసి.”

“తెలుసు తల్లీ, అందుకే తొందర,” అన్నాడాయన తలుపు తీస్తూ. “నా ఏడుపు నేను ఎలాగో ఏడ్చుకోగలను. మా ఆవిడే, పిల్లాణ్ని మట్టిలో పెట్టిన రోజు నుంచి ఎవరితోనూ పలకదు. ‘ముందు నువ్వెళ్ళి ఆ పిల్ల ఎవరి తాలూకో కనుక్కునిరా, మన మనిషైతే అప్పుడు లోపలికొస్తా’ అంది. పిలుచుకొస్తానుండు, ఆరు వారాలుగా కింద కార్లోనే కూర్చుంటోంది.”