జైలు పెట్టె

"అమ్మ వస్తానంది కదా, నువ్వొచ్చావేంటి నాన్నా?"

అమ్మాయి గుమ్మం దాకా ఎదురెళ్ళి అడిగింది.

"కొట్టు మూసుకుని మరీ వస్తే అదేం ప్రశ్నే?" అన్నాడు వాచీలు బాగుచేసే ఆ తండ్రి. అన్నాడే గానీ, ఏడో తరగతి గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఉన్న కాలరునే మళ్ళీ సర్దుకున్నాడు, లేని దుమ్ము దులుపుకున్నాడు.

లోపల ఏడాదంతా మూట కట్టుకుంటోంది. గోడల మీది పటాలు చుట్టలు చుట్టుకుని మూలన నిలబడ్డాయి. బెంచీలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మార్కుల కార్డులు పంచడం అయిపోయింది, సెలవుల తర్వాత ఈ పిల్లలంతా పెద్ద బడికి వెళ్ళిపోతారు. ఇక మిగిలింది జైలు ఖాళీ చేయడమే.

జైలంటే సైన్సు టీచర్ బల్ల కింద ఉండే రేకు పెట్టె. పాఠం జరుగుతుండగా పిల్లల చేతుల్లోంచి లాక్కున్నదల్లా అందులోకే పోతుంది. చివరి రోజున ఇంటి నుంచి ఎవరైనా వచ్చి, పిల్లలు చేసిన ఘనకార్యం నిలబడి విని, "ఇకమీదట నాది పూచీ టీచర్" అంటేనే విడుదల. అందులో ఎవరికీ మినహాయింపు లేదు. కొడుకు రబ్బరు పాము కోసం వచ్చిన ఒక పోలీసాయన కూడా ఆ మాట అప్పజెప్పే బయటపడ్డాడు.

అమ్మాయి భయమల్లా పెట్టెలో ఉన్న వస్తువు గురించే. అది నాన్న కంటికి పెట్టుకుని వాచీలు చూసుకునే అద్దం. చీమ ముఖం ఎలా ఉంటుందో చూద్దామని చెప్పకుండా తెచ్చి దొరికిపోయింది. అక్కడ నాన్న ఇల్లూ కొట్టూ తలకిందులు చేశాడు. చివరికి కొట్లో తనతోపాటు పనిచేసే తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. బాబాయి ఊరికే మాట పడే మనిషి కాదు. ఆ రోజే వేరే కొట్లో కుదిరాడు, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. నిజం చెప్పేద్దామని అమ్మాయి నోరు తెరిచిన ప్రతిసారీ నాన్న ముఖం చూసి మూసుకుంది. అమ్మకైతే ఈ రోజు ఎలాగో చెప్పుకునేది.

"కూర్చోండి" అంది టీచర్.

"పర్వాలేదు టీచర్, నిలబడతాను."

టీచర్ మూత తీసి అద్దాన్ని బల్ల మీద పెట్టింది. "ఇదీ మీ అమ్మాయి ఘనకార్యం. నేను పాఠం చెప్తుంటే తను చీమలకి కంటి పరీక్ష చేస్తోంది."

తండ్రి అద్దాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. ముఖం కందగడ్డ అయింది.

"ఇన్నాళ్ళూ ఇది ఇక్కడుందా? నేను బాబాయిని అన్నన్ని మాటలంటుంటే పక్కనే కూర్చుని కిమ్మనకుండా అన్నం తిన్నావు కదే."

"భయమేసింది నాన్నా."

"భయమేస్తే ఇంకొకళ్ళ మీదికి తోసేస్తావా? ఈ బుద్ధి మా ఇంటా వంటా లేదు."

"ఒక్క నిమిషం ఉండండి" అంది టీచర్. పెట్టెలోకి వంగి, బొంగరాలూ ఈలలూ పక్కకి నెట్టి, అట్టడుగు నుంచి ఒక గుడ్డ మూట పైకి తీసింది. విప్పితే చిన్న ఎర్ర అలారం గడియారం. "ఇంటా వంటా అంటే గుర్తొచ్చింది. ఈ ఏడాదితో నా ఉద్యోగం కూడా అయిపోతోంది, పెట్టె అడుగు దాకా ఖాళీ చేయాలి. ఇదెవరిదో చెప్పు."

టీచర్ మాటల్లో ఇందాకటి మర్యాద అంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది. తండ్రి మళ్ళీ ఆమె దగ్గర చదువుకున్న నాటి పిల్లాడై చేతులు కట్టుకున్నాడు.

"నాదే టీచర్."

"ఏం చేశావు?"

"మీ పాఠం మధ్యలో మోగేలా అలారం పెట్టాను."

"ఇంటి నుంచి ఎవరినైనా తీసుకురమ్మన్నాను. తెచ్చావా?"

"లేదు టీచర్. భయమేసింది."

అమ్మాయి గడియారాన్ని కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది. "నానమ్మ చెప్పే ఎర్ర గడియారం ఇదేనా నాన్నా? బాబాయి చిన్నప్పుడు విప్పి పాడుచేసి పారేశాడని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది, అదేనా?"

తండ్రి తల గోక్కున్నాడు. ముఖంలో కోపం కాస్తా జారిపోయి, దాని చోట సిగ్గు పడుతున్న నవ్వొకటి వచ్చి కూర్చుంది.

"పద, ఇప్పుడే బాబాయి దగ్గరికి పోదాం" అన్నాడు చివరికి. "అద్దం సంగతి నువ్వు చెప్పు, గడియారం సంగతి నేను చెప్తాను. తిడితే ఇద్దరం కలిసి పడదాం."

ఆ మాటతో అమ్మాయి గుండెల మీద ఇన్నాళ్ళుగా కూర్చున్న బరువు దిగిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తండ్రి గొంతు సవరించుకుని, "ఇకమీదట మా అమ్మాయికి నాది పూచీ టీచర్" అన్నాడు. అద్దం విడుదలైంది. అదే ఊపులో గడియారం మీద చెయ్యి వేశాడు. టీచర్ దాన్ని తన వైపుకి లాక్కుంది.

"ఇంటి నుంచి ఎవరైనా రావాలన్నానా లేదా?"

"ఇప్పుడు ఎవర్ని తెమ్మంటారు టీచర్" అని తండ్రి నీళ్ళు నమిలాడు.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని నాన్న ముందుకొచ్చి నిలబడింది.

"నేనొచ్చాను కదా. ఇకమీదట మా నాన్నకి నాది పూచీ టీచర్."